శ్రీచరణి: టెన్త్‌లో బంతి పట్టింది.. 21 ఏళ్లకే వరల్డ్ కప్ కొట్టింది! ఎవరీ కడప అమ్మాయి?

కడప జిల్లాలో తుమ్మలపల్లె అంటే యురేనియం గని, ఎర్రగుంట్ల అంటే సిమెంటు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. ఇప్పుడు వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఒక స్పిన్నర్. పేరు నల్లపురెడ్డి శ్రీచరణి. పుట్టింది 2004 ఆగస్టు 4న.

తండ్రి ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్ట్)లో ఉద్యోగి. చిన్నప్పుడు ఇంటి దగ్గర మేనమామతో సరదాగా బ్యాట్ పట్టుకున్నా, చరణి లోకమంతా అథ్లెటిక్స్, ఖోఖో, బ్యాడ్మింటనే. సీరియస్‌గా క్రికెట్ వైపు వచ్చింది పదో తరగతి టైమ్‌లో. చాలామంది ఎనిమిది, తొమ్మిదేళ్లకే అకాడమీల్లో చేరిపోయే ఆటలో ఇది బాగా లేటు. పైగా నాన్న వెంటనే ఒప్పుకోలేదు. ఆయన్ను ఒప్పించడానికి దాదాపు ఏడాది పట్టింది. అమ్మ, మేనమామ మాత్రం మొదటి నుంచీ చరణి వైపే.

మొదట్లో ఫాస్ట్ బౌలింగ్ చేసేది. తర్వాత ఎడమచేతి స్పిన్‌కు మారింది. కెరీర్‌ను మలుపు తిప్పింది ఆ మార్పే.

2024 డిసెంబర్‌లో జరిగిన డబ్ల్యూపీఎల్ వేలంలో బేస్ ప్రైస్ 10 లక్షలు. ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలు పెట్టి తీసుకుంది. అక్కడి నుంచి అంతా స్పీడే. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీలంకపై తొలి వన్డే. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్‌పై తొలి టీ20. ఆ మ్యాచ్‌లో 12 పరుగులిచ్చి 4 వికెట్లు! స్మృతి మంధాన సెంచరీ కొట్టిన రోజు కాబట్టి హెడ్‌లైన్లు అటు వెళ్లిపోయాయి కానీ, ఇంగ్లండ్‌ను 113కే చుట్టేయడంలో పెద్ద చెయ్యి చరణిదే. ఐదు మ్యాచ్‌ల ఆ సిరీస్‌ను భారత్ 3-2తో గెలిచింది. 10 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ కూడా ఈ అమ్మాయే.

ఇక వరల్డ్ కప్. తొమ్మిది మ్యాచ్‌ల్లో 14 వికెట్లు. భారత బౌలర్లలో దీప్తి శర్మ (22) తర్వాతి స్థానం. అయితే చరణి అసలు సత్తా తెలిసింది భారత్ ఓడిన మ్యాచ్‌లో. అక్టోబర్ 12, విశాఖ. 331 టార్గెట్‌ను ఆస్ట్రేలియా ఊదేసింది. అలీసా హీలీ 142 బాదింది. మిగతా బౌలర్లు పరుగులు ఆపలేక తంటాలు పడుతుంటే, చరణి 10 ఓవర్లలో 41 మాత్రమే ఇచ్చి 3 వికెట్లు తీసింది. హీలీ వికెట్ కూడా తనదే. స్కోర్‌కార్డులో ఓటమే కనిపిస్తుంది కానీ, ఆ రోజు ఆ స్పెల్ చూసినవాళ్లు మర్చిపోరు.

నవంబర్ 2న నవీ ముంబై ఫైనల్‌లో అనెక్ బాష్‌ను సున్నాకే ఎల్బీగా వెనక్కి పంపింది. దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో కప్ మనదైంది.

ఆ తర్వాత ఏపీ ప్రభుత్వం రూ.2.5 కోట్ల నగదు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో వెయ్యి గజాల ఇంటి స్థలం ప్రకటించింది. నవంబర్ 27న జరిగిన వేలంలో ఢిల్లీ క్యాపిటల్సే చరణిని మళ్లీ దక్కించుకుంది. ఏడాది కిందట 55 లక్షలు, ఈసారి రూ.1.30 కోట్లు.