ఒకే ఇంగ్లీషు మాట, రెండు అర్థాలు: సంతకానికి ముందు ఒక్కసారి చూడండి

మబేలా: పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులో 'ఔట్‌స్టాండింగ్' అని ఉంటే ఇంట్లో పండగే. అదే మాట బ్యాంకు ఉత్తరంలో కనిపిస్తే గుండెల్లో దడ! మొదటి చోట దాని అర్థం 'అద్భుతం', రెండో చోట 'ఇంకా కట్టాల్సిన బాకీ'. అక్షరాలు అవే, అర్థం వేరు.

ఇది మనకు కొత్తేమీ కాదు. తెలుగు వాచకంలో 'నానార్థాలు' చదువుకున్నాం కదా. 'కరము' అంటే చేయి, కిరణం, పన్ను, ఏనుగు తొండం. 'పాలు' అంటే తాగే పాలూ, ఆస్తిలో వాటా కూడా. ఇంగ్లీషులో ఇలాంటివి మరీ ఎక్కువ. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో 'సెట్' అనే ఒక్క క్రియకే 430 అర్థాలున్నాయి.

ఈ మాటలు ముఖ్యంగా మూడు రకాలు.

1. పుట్టుక వేరు, రూపం ఒకటి: 'డేట్' అంటే తేదీ, ఖర్జూరం. తేదీ అనే అర్థం లాటిన్ నుంచి వస్తే, ఖర్జూరం పేరు 'వేలు' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది.

2. ఒకే మాటకు పుట్టిన కొమ్మలు: 'ఔట్‌స్టాండింగ్' ఇలాంటిదే. అందరిలో మిన్నగా నిలిచినదీ అదే, తీరకుండా నిలిచిపోయిన బాకీ కూడా అదే.

3. రాత ఒకటి, పలుకు వేరు: 'మినిట్' అంటే నిమిషం. అవే అక్షరాలను 'మైన్యూట్' అని పలికితే అతి చిన్నది.

మరి మనం ఎక్కడ పొరబడతాం? ఇంగ్లీషు మాటను తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు తరచుగా ఒక్క అర్థాన్నే తెచ్చుకున్నాం. 'ఇంట్రెస్ట్ లేదు' అంటే మనకు ఆసక్తి లేదనే. బ్యాంకు కాగితంలో 'ఇంట్రెస్ట్' అంటే వడ్డీ. అందుకే ఒమన్‌లో మన చేతికి వచ్చే కాగితాల్లో ఈ మాటలను జాగ్రత్తగా చూడాలి.

గ్రాట్యుటీ: హోటల్లో అయితే టిప్పు. ఉద్యోగంలో అయితే సర్వీసు ముగిశాక అందే సొమ్ము. ఇది యజమాని దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 2023 నాటి ఒమన్ కార్మిక చట్టం (రాయల్ డిక్రీ 53/2023) ప్రకారం ఏడాదికి ఒక నెల బేసిక్ జీతం చొప్పున లెక్క.

బేసిక్: మాటల్లో 'మామూలు, ప్రాథమిక' అని అర్థం. జీతం కాగితంలో అలవెన్సులు కలపని మూల వేతనం. పై లెక్క దీని మీదే.

సెటిల్‌మెంట్: గొడవలో రాజీ. ఉద్యోగం వదిలేటప్పుడు లెక్క తేల్చుకోవడం. 'ఫుల్ అండ్ ఫైనల్' కాగితం మీద సంతకం పెడితే, రావలసినదంతా ముట్టిందని ఒప్పుకున్నట్టే. డబ్బు చేతికందకుండా సంతకం వద్దు.

రిజైన్: ఉద్యోగం మానేయడం. మధ్యలో చిన్న గీత పెట్టి 'రీ-సైన్' అని రాస్తే మళ్లీ సంతకం చేయడం. సందేశాల్లో ఆ గీత ఎగిరిపోతే అర్థం తలకిందులవుతుంది.

శాంక్షన్: లోను విషయంలో మంజూరు. ఒక దేశం మీద పెడితే ఆంక్ష.

పాజిటివ్: మాటల్లో మంచిదే. రక్తపరీక్షలో మాత్రం వెతికిన జబ్బు ఆనవాలు కనబడిందని.

డిశ్చార్జ్: ఆసుపత్రి నుంచి ఇంటికి పంపడం. డాక్టరు పుండు చూసి ఈ మాట అంటే చీము, రసి కారడం.

ఒక్క మాట పట్టుకోకుండా వాక్యం మొత్తం చదవండి. తెలియకపోతే 'ఇక్కడ దీని అర్థం ఏమిటి' అని అడగడంలో నామోషీ లేదు. ఒమన్‌లో ఉద్యోగ ఒప్పందం వేరే భాషలో ఉన్నా అరబిక్ ప్రతి జతగా ఉండాలి. ఇంగ్లీషు మాట మీద అనుమానం వస్తే, అరబిక్ తెలిసిన నమ్మకస్తులతో ఆ ప్రతిని చదివించుకుని, ఆ తర్వాతే సంతకం చేయండి.