ఇంటి పన్నుకి లోపలి మనిషి కనబడతాడా?

బేగంపేట పక్కనే బోయినపల్లిలో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. మరి అలాంటి కొడుకుని సాకుతున్న తల్లికి ఇంటి పన్నులో ఏమైనా తగ్గుతుందా?

ముందు బ్రిటన్ కథ చూద్దాం. 1990లో థాచర్ సర్కారు ఇంగ్లండ్‌లో ఇంటి పన్ను తీసేసి, తలకింత అని వేసింది. తలలు లెక్కపెట్టేటప్పుడు మనిషిని చూడక తప్పదు కదా! అందుకే తీవ్ర మానసిక వైకల్యం ఉన్నవాళ్లని వదిలేశారు. జనం తిరగబడ్డారు, 1993లో ఆ పన్ను పోయింది. మినహాయింపు మాత్రం మిగిలింది. డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే కొత్త కౌన్సిల్ ట్యాక్స్‌లోనూ వాళ్లని పెద్దల లెక్కలో చేర్చరు. తల్లీ కొడుకూ ఇద్దరే ఉంటే బిల్లులో పావు వంతు తగ్గుతుంది.

మన హైదరాబాద్‌లో 1955 నాటి చట్టం లెక్క ఇంటి అద్దె విలువతో మొదలవుతుంది. 2015లో 1,200 రూపాయల లోపు పన్నుని 101కి తగ్గించినప్పుడూ చూసింది బిల్లునే, లోపల ఎవరున్నారో కాదు.

ఆదాయపు పన్ను పాత విధానంలో, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లని పోషిస్తే 1,25,000 తగ్గింపు ఉంది. కానీ అసలు ఆ పన్ను కట్టేంత ఆదాయమే లేని అమ్మకి అదెందుకు పనికొస్తుంది? ఆమెకి ఏటా వచ్చేది ఇంటి పన్ను బిల్లే.

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు అర్థమైంది ఇదే: టేబుల్‌లో మనిషికి కాలమ్ లేకపోతే, ఎంత దయ ఉన్నా లెక్కలోకి రాదు.