నానోద్రవ ధారా శీతలీకరణ

నానోద్రవ ధారా శీతలీకరణ అనగా అతిసూక్ష్మమైన ఘనరేణువులు కలిపిన ద్రవాన్ని సన్నని ధారగా వేడి ఉపరితలం మీదికి చిమ్మి చల్లార్చే పద్ధతి. దీనినే నానోద్రవ జెట్ శీతలీకరణ అని కూడా అంటారు. ఈ రేణువుల పరిమాణం 1 నుండి 100 నానోమీటర్ల వరకు ఉంటుంది. అల్యూమినియం ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటి పదార్థాల పొడులను నీటిలో గాని, ఇథిలీన్ గ్లైకాల్‌లో గాని కలిపి నానోద్రవాన్ని తయారుచేస్తారు. ఇది ప్రధానంగా ప్రయోగశాలలలో పరిశోధన దశలో ఉన్న విషయం. మామూలు నీటి ధారతోను, గాలి ధారతోను చల్లార్చడం మాత్రం పరిశ్రమలలో చాలాకాలంగా ఉన్నదే.

ధార చల్లార్చే తీరు

కొళాయి కింద ఒక కంచాన్ని బోర్లించి నీటిని వదిలితే, ధార పడిన చోటు చుట్టూ నీరు పలుచని పొరగా, వేగంగా వ్యాపిస్తుంది. కొంత దూరం పోయాక ఒక వలయం వద్ద నీటి మట్టం ఉన్నట్టుండి పెరిగి, వేగం తగ్గిపోతుంది. ఈ వలయాన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. వలయం లోపలి భాగంలోనే ఉష్ణ ప్రసారం అధికం. ఉపరితలానికి అంటిపెట్టుకొని నెమ్మదిగా కదిలే ద్రవపు పొర (సరిహద్దు పొర) ఉష్ణాన్ని అడ్డగించే దుప్పటి వంటిది. ధార తాకే చోట ఈ దుప్పటి మిక్కిలి పలుచగా ఉంటుంది. అందువలన తక్కువ వైశాల్యం నుండి ఎక్కువ ఉష్ణాన్ని తొలగించవలసి వచ్చినప్పుడు ధారను ఎంచుకొంటారు. గ్యాస్ టర్బైను రెక్కలను లోపలినుండి గాలి ధారలతోను, ఉక్కు కర్మాగారాలలో వేడి పలకలను నీటి ధారలతోను చల్లారుస్తారు. కంప్యూటర్ చిప్‌లను ద్రవ ధారలతో చల్లార్చడంపై కూడా పరిశోధనలు జరిగాయి.

నానోద్రవాల చరిత్ర

ద్రవాలకంటె లోహాలు ఉష్ణాన్ని ఎన్నో రెట్లు బాగా ప్రసరింపజేస్తాయి. గది ఉష్ణోగ్రత వద్ద నీటి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 0.6 వాట్లు, రాగిది సుమారు 400 వాట్లు. కాబట్టి ద్రవంలో ఘనరేణువులను కలిపితే దాని వాహకత పెరగాలి. ఈ పెరుగుదలను లెక్కించే సూత్రాన్ని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1873లోనే ఇచ్చాడు. అయితే కంటికి కనబడేంత పెద్ద రేణువులు అడుగుకు చేరిపోతాయి, గొట్టాలను పూడుస్తాయి, పంపులను అరగదీస్తాయి. రేణువులను నానోమీటర్ల స్థాయికి తగ్గించగలిగాకే ఈ ఆలోచనకు మళ్ళీ ప్రాణం వచ్చింది. 1993లో జపాన్‌లో మసూదా బృందం ఇటువంటి మిశ్రమాలపై ఫలితాలను ప్రకటించింది. 1995లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన స్టీఫెన్ చోయ్ వీటికి నానోద్రవాలు అని పేరు పెట్టాడు. 2001లో అదే ప్రయోగశాల నుండి వచ్చిన ఒక ఫలితం సంచలనం కలిగించింది: ఇథిలీన్ గ్లైకాల్‌లో 0.3 శాతం రాగి రేణువులు కలిపితే వాహకత 40 శాతం వరకు పెరిగిందని. మాక్స్‌వెల్ సూత్రం ప్రకారం అది ఒక శాతానికి మించకూడదు.

ఆ ఉత్సాహం కొన్నేళ్ళు సాగింది. 2009లో ముప్పైకి పైగా సంస్థలు ఒకే రకం నమూనాలను పంచుకొని, విడివిడిగా కొలిచాయి. ఈ సమష్టి ప్రయత్నానికి జాకపో బువాంజోర్నో నాయకత్వం వహించాడు. తాము పరీక్షించిన నానోద్రవాలలో అసాధారణమైన పెరుగుదల ఏదీ లేదని, పాత సూత్రమే దాదాపు సరిపోతున్నదని తేలింది.

తెలుగునాట కె.వి.శర్మ, ఎల్.శ్యాంసుందర్, పి.కె.శర్మలు 2009లో ప్రచురించిన పత్రం పేర్కొనదగినది. వారు గొట్టంలో ప్రవహించే అల్యూమినియం ఆక్సైడ్ నానోద్రవాన్ని పరిశీలించారు. 0.1 శాతం రేణువులతో, రెనాల్డ్స్ సంఖ్య 9000 వద్ద, ఉష్ణ ప్రసార గుణకం నీటికంటె 23.7 శాతం ఎక్కువ అని వారి ఫలితం. ఇది ధార కాదు, గొట్టంలోని ప్రవాహం. అయినా ఏ రెనాల్డ్స్ సంఖ్య వద్ద పోల్చారో స్పష్టంగా చెప్పడం గమనించదగ్గ విషయం. దాని ప్రాముఖ్యం కింది భాగంలో తెలుస్తుంది.

పోలికలో చిక్కు

రేణువులు కలిపితే వాహకత ఒక్కటే మారదు. చోడి అంబలిలో పిండి పెరిగేకొద్దీ చిక్కబడినట్లు, ద్రవపు స్నిగ్ధత కూడా పెరుగుతుంది. నీటిలో 5 శాతం (ఘనపరిమాణంలో) అల్యూమినియం ఆక్సైడ్ కలిపామనుకొందాం. లెక్క ప్రకారం వాహకత సుమారు 15 శాతం పెరుగుతుంది, సాంద్రత కూడా సుమారు 15 శాతం పెరుగుతుంది, కిలోగ్రాముకు విశిష్టోష్ణం సుమారు 14 శాతం తగ్గుతుంది. స్నిగ్ధత 40 శాతం పెరిగిందని ఊహిద్దాం.

నీటి ధారను, నానోద్రవ ధారను ఒకే రెనాల్డ్స్ సంఖ్య వద్ద పోల్చితే, ధార తాకే చోట ఉష్ణ ప్రసారం దాదాపు 17 శాతం మెరుగైనట్లు కనబడుతుంది. కాని చిక్కని ద్రవానికి అదే రెనాల్డ్స్ సంఖ్య రావాలంటే దానిని 22 శాతం ఎక్కువ వేగంతో తోయాలి. అందుకు ధారకు ఇవ్వవలసిన సామర్థ్యం రెండు రెట్లకు పైగా అవుతుంది. ఒకే వేగం వద్ద పోల్చితే లాభం 6 శాతానికి పడిపోతుంది. ఆ రెండు రెట్ల సామర్థ్యాన్ని మామూలు నీటికే ఇస్తే ధార వేగం పెరిగి, రేణువులు లేకుండానే సుమారు 13 శాతం లాభం వస్తుంది. అనగా 17 శాతంలో రేణువుల చలువ నాలుగు శాతమే, మిగిలినది పంపు చలువ. ఎచ్చెర్లలోని డా. బి.ఆర్.అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనో, ఎస్.ఎం.పురంలోని ట్రిపుల్ ఐటీలోనో ఈ అంశంపై ప్రాజెక్టు చేయదలచిన విద్యార్థి మొదట తేల్చుకోవలసినది ఈ పోలికనే. పత్రాలలో కనబడే శాతాలలో పరస్పర విరుద్ధమైనవి ఎక్కువగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

ప్రయోగాలు కూడా ఈ చిక్కును చూపాయి. 1998లో పాక్, చో అనే పరిశోధకులు గొట్టంలో చేసిన ప్రయోగంలో, సగటు వేగం సమానంగా ఉంచినప్పుడు 3 శాతం నానోద్రవపు ఉష్ణ ప్రసార గుణకం నీటికంటె 12 శాతం తక్కువగా వచ్చింది. ధారల విషయంలో కెనడాలోని మాంక్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన న్గుయెన్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. నాజిల్‌కు, ఉపరితలానికి మధ్య 5 మిల్లీమీటర్ల ఎడం, 2.8 శాతం రేణువులు ఉన్నప్పుడు ఉత్తమ ఫలితం కనబడింది. 6 శాతం, అంతకు మించి కలిపితే ప్రయోజనం లేదని వారు తేల్చారు.

ఇతర ఇబ్బందులు

నానో పొడిని నీటిలో వేసి కలియబెడితే సరిపోదు. రేణువులు ఒకదానికొకటి అంటుకొని గడ్డలై అడుగుకు చేరుతాయి. అతిధ్వని తరంగాలతో విడగొట్టాలి, ద్రవపు ఆమ్లత్వాన్ని సరిచేయాలి, అవసరమైతే ఉపరితల క్రియాశీల పదార్థాన్ని కలపాలి. ఆ పదార్థం నురుగు కూడా తెప్పించవచ్చు. ధార విషయంలో ప్రత్యేకమైన మరో ఇబ్బంది అరుగుదల: గట్టి ఆక్సైడ్ రేణువులు మెత్తని లోహం మీద గంటల తరబడి తాకితే దానిని కొరికివేస్తాయి.

మరుగుదలలో ఉపయోగం

ద్రవం మరిగే స్థితిలో కథ వేరు. రేణువులు వేడి ఉపరితలం మీద పలుచని పూతగా పేరుకొని, నీరు బాగా అంటేలా చేస్తాయి. దీనివలన సంధి ఉష్ణ ప్రవాహం (ఆవిరి పొర కమ్ముకొని చల్లార్చడం విఫలమయ్యే హద్దు) పెరుగుతుంది. బువాంజోర్నో బృందం 2009లోనే ఏపీ1000 తరహా అణురియాక్టరులో దీనిని పరిశీలించింది. ప్రమాదంలో కరిగిన ఇంధనం పాత్రలోనే నిలిచిపోయేలా పాత్రను బయటినుండి నీటితో చల్లార్చేటప్పుడు నానోద్రవం ఉపకరిస్తుందేమోనని వారి అధ్యయనం. ఎచ్చెర్ల శాసనసభ నియోజకవర్గంలోని రణస్థలం మండలం కొవ్వాడలో ప్రతిపాదించినవి ఏపీ1000 తరహా రియాక్టర్లే. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటివి ఆరు నిర్మించాలన్న విషయం 2016 జూన్‌లో వెలువడిన భారత-అమెరికా సంయుక్త ప్రకటనలో ఉంది.