ఏ కల్లుపట్టి?

“అమ్మా, మేము కల్లుపట్టి నుంచి మాట్లాడుతున్నాం. మా నాయనకి గుండెలో నొప్పి. చెమటలు కారిపోతున్నాయి. బండి పంపించండమ్మా!”

“పంపిస్తామన్నా. ఏ కల్లుపట్టి?”

ఇది ఫలానా రోజున, ఫలానా ఇంటినుంచి వచ్చిన ఫోను కాదు. కానీ తమిళనాడులోని తేని, మదురై జిల్లాల నుంచి 108కి వెళ్లే ఫోన్లలో ఈ ప్రశ్న దగ్గర మాట ఆగక తప్పదు. టి. కల్లుపట్టి ఉంది. ఎం. కల్లుపట్టి ఉంది. ఈ రెండూ మదురై జిల్లావి. తేని జిల్లాలో పెరియకుళం దగ్గర, దేవదానపట్టి పక్కన జి. కల్లుపట్టి ఉంది. టి. కల్లుపట్టికి వెళ్లాల్సిన బండి జి. కల్లుపట్టికి వెళ్లిందంటే మళ్లీ రెండు గంటల దారి. గుండెనొప్పి వచ్చిన మనిషికి అంత వ్యవధి ఉండదు.

అటుపక్క ఫోన్ పట్టుకున్న మనిషికేమో కోపం వస్తుంది. తన ఊరు తనకి ఒక్కటే కల్లుపట్టి. ఎక్కడో దూరాన కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయికి అది జాబితాలో ఒక వరస. ఆ వరసలో పైనా కిందా అదే పేరు. తేడా అంతా ముందున్న పొడి అక్షరంలోనే.

పెరియకుళం చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి ఫోను వెళ్లేటప్పుడు ఒక చిత్రం చూడొచ్చు. ఫోన్లో మాట తమిళం. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, “నీళ్లు పోయొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి” అని ఇంట్లోవాళ్లతో అనేది తెలుగు. నాలుగైదు వందల ఏళ్లుగా ఇక్కడ తెలుగు ఇంటి భాషగానే ఉండిపోయింది. చాలామందికి తెలుగు అక్షరం రాదు, మాట మాత్రం పోలేదు. ఊళ్ల పేర్లు చూస్తే ఆ జాడ ఇంకా బాగా తెలుస్తుంది. బోడినాయకనూరు, గండమనాయకనూరు, ఎరసక్కనాయకనూరు. పెరియకుళానికి ఆనుకునే వడుగపట్టి ఉంది. తమిళులు తెలుగువాణ్ణి వడుగన్ అనేవారు. వైగై డ్యాం కట్టినప్పుడు సొంత ఊరు నీళ్ల పాలై ఆ వడుగపట్టికి తరలివచ్చిన కుటుంబంలోని పిల్లవాడే సినీకవి వైరముత్తు.

పెరియకుళం అంటే పెద్ద చెరువు. ఊరి నడుమ వరాహనది. ఉత్తరపు ఒడ్డు వడకరై, దక్షిణపు ఒడ్డు తెన్‌కరై. కంట్రోల్ రూమ్ భాషలో చెప్పాలంటే పెరియకుళం అనడంతో పని సగమే అయింది, ఏ కరై అన్నదీ చెప్పాలి.

ఆ వడకరై ఒకప్పుడు పాళెం. మదురైలో 1529 ప్రాంతాన విశ్వనాథ నాయకుడు పాలన మొదలుపెట్టి, కోటకి 72 బురుజులు కట్టించి, రాజ్యాన్ని 72 పాళేలుగా పంచాడని చెప్పుకుంటారు. వడకరై పాళెగాళ్లకి మూలపురుషుడు నాయకుల వెంట వచ్చిన రామభద్ర నాయకుడట. ఈ కథలో యుద్ధాల సంగతి చాలామంది రాశారు. నాకు ఆసక్తి కలిగించేది పాళెగాళ్ల ఇంకో పని, కావలి. తన పరిధిలో దొంగతనం జరిగితే దొంగని పట్టాలి, లేదా పోయిన సొత్తుకి పరిహారం కట్టాలి. అందుకు రైతుల దగ్గర దేశకావలి, స్థలకావలి అని రుసుములు వసూలు చేసుకునేవాళ్లు. ఆపద వస్తే ఎవరిని పిలవాలి, వాళ్లు రాకపోతే ఎవరు జవాబుదారీ అన్న రెండు ప్రశ్నలకీ ఆ ఏర్పాటులో జవాబుంది. రెండోదానికి నేటికీ సరైన జవాబు లేని చోట్లు చాలా ఉన్నాయి.

ఆదర్శమేమీ కాదులెండి. కావలి రుసుము పేరుతో దోచుకున్న పాళెగాళ్లకీ కొదవలేదు. రుసుము కట్టని ఊరిలో దొంగతనాలు ఎందుకు పెరిగేవో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 1799లో మన తెలుగు తొట్టియ నాయకుడే అయిన పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ని కయత్తారులో ఉరి తీశాక, 1801 తర్వాత కుంపిణీ పాళెగాళ్ల ఆయుధాలతోపాటు కావలి హక్కునూ లాగేసుకుంది. మాట మాత్రం పోలేదు. తమిళనాట పోలీస్ స్టేషన్ బోర్డు మీద ఇవాళ్టికీ ‘కావల్ నిలయం’ అనే ఉంటుంది.

పెరియకుళం నుంచి కొండెక్కితే కొడైకెనాల్. 1845లో అమెరికన్ మిషనరీలు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. మోటారు రోడ్డు పడకముందు ఎడ్లబళ్లు కొండ అడుగున ఒక తోపు దగ్గర ఆగేవి. దాని పేరు కృష్ణమ నాయకుని తోపు. ఆ తోపు నుంచి పైకి గుర్రం మీదనో, కూలీలు మోసే కుర్చీల్లోనో, డోలీల్లోనో వెళ్లాలి. పైన ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే కబురు కిందికి దిగాలి, మనిషి కూడా కిందికి దిగాలి. రెండూ కాళ్ల మీదే. ఈ డోలీ చరిత్రలోకి పోయిందనుకుంటే పొరపాటు. పెరియకుళం పైన అగమలై పంచాయతీ కొండ పల్లెల నుంచి రోగుల్ని డోలీ కట్టి దించిన వార్తలు ఈ మధ్య కాలంలోనూ వచ్చాయి. పాడేరు, అరకు వైపు పాఠకులకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కంట్రోల్ రూమ్ తెర మీద బండి గుర్తు రోడ్డు చివర ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి రెండు కర్రలూ ఒక దుప్పటీ.

టెలిఫోన్ వచ్చాక కూడా చాలా ఏళ్లు అదేమంత పెద్ద అండ కాలేదు. పెరియకుళం లాంటి ఊళ్లలో ఫోనంటే పోస్టాఫీసులోనో, మిల్లులోనో, మామిడి వ్యాపారి ఇంట్లోనో ఉండేది. మదురైకి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. తొందరైతే అర్జెంట్. ప్రాణం మీదికొస్తే లైట్నింగ్ కాల్, మామూలు రేటుకి ఎనిమిది రెట్లు. అంటే ఆపదకీ ఒక రేటు ఉండేదన్నమాట.

ఇలాంటి ఫోను వరసలో మాట ఆగి చచ్చిపోయినవాళ్ల వల్లే ప్రపంచానికి తొలి అత్యవసర నంబరు దొరికింది. 1935 నవంబరులో లండన్‌లోని వింపోల్ స్ట్రీట్‌లో ఒక డాక్టరు ఇల్లు అంటుకుని ఐదుగురు ఆడవాళ్లు కాలిపోయారు. ఎదురింటాయన ఫైరింజన్ కోసం ఫోన్ చేస్తే, ఎక్స్ఛేంజీ ఆయన్ని మిగతా కాల్స్‌తోపాటు వరసలో ఉంచింది. ఆయన టైమ్స్ పత్రికకి మండిపడుతూ ఉత్తరం రాశాడు. 1937 జూన్ 30న లండన్‌లో 999 మొదలైంది. ఆ నంబరు తిప్పితే ఎక్స్ఛేంజీలో ఎర్రలైటు వెలిగేది, బజర్ మోగేది. మొదటి వారంలో 1,336 కాల్స్ వచ్చాయి. వాటిలోనూ ఆకతాయి కాల్స్ ఉన్నాయట, మనుషులు ఎక్కడైనా ఒకటే. అమెరికాలో 911 మీద తొలి ఫోను 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న పట్నంలో మోగింది. అక్కడ ఇప్పటికీ ఎక్కువచోట్ల ఏ కౌంటీకి ఆ కౌంటీయే సొంత కేంద్రం నడుపుకుంటుంది. అంటే ఫోనెత్తే మనిషి ఆ చుట్టుపక్కల మనిషే. ఏ వంతెన అంటే ఏ వంతెనో తెలుసు.

మనం వేరే దారి పట్టాం. పోలీసుకి 100, అగ్నిమాపకానికి 101, అంబులెన్సుకి 102 అని నంబర్లున్నా, 102కి చేస్తే బండి వస్తుందని నమ్మినవాళ్లు తక్కువ. 2005లో హైదరాబాదులో సత్యం రామలింగరాజు కుటుంబం ఈఎంఆర్ఐ అనే సంస్థ పెట్టి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వంతో కలిసి 108 మొదలుపెట్టింది. రాష్ట్రమంతటికీ ఒకే కేంద్రం. నంబరు మహా తెలివిగా ఎంచారు. జపమాల పూసలు 108 అని తెలిసిన దేశంలో దాన్ని విడిగా బట్టీ పట్టాల్సిన పనిలేదు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడినా బండ్లు ఆగలేదు. అదే ఏడు జీవీకే ఆ సంస్థ బాధ్యత తీసుకుంది. కంపెనీ లెక్కల్లో అబద్ధం చెప్పిన మనిషి పెట్టిన పనుల్లో ఇది నిజంగా పనికొచ్చింది. ఈ రెండూ ఒకే మనిషి ఖాతాలో రాయాల్సిందే.

తమిళనాడులో 108 మొదలైంది 2008 సెప్టెంబరు 15న, అన్నాదురై జయంతి రోజున. నడిపింది అదే హైదరాబాద్ సంస్థ. తెలుగునేల మీద పుట్టిన నంబరు తమిళంలో పలుకుతూ వడుగపట్టికీ బోడినాయకనూరుకూ అలా చేరింది. ఇప్పుడు తమిళనాడంతటా 1,300కి పైగా అంబులెన్సులు తిరుగుతున్నాయి. అప్పుడే పుట్టిన పసికందులకి వేరే బండ్లున్నాయి, ఇరుకు సందుల్లోకి బైకు అంబులెన్సులున్నాయి.

లోపల పని ఎలా నడుస్తుందో చెబితే ‘ఏ కల్లుపట్టి’ అన్న ప్రశ్న విలువ తెలుస్తుంది. ఫోను ఎత్తిన ఉద్యోగి తెర మీద ముందు ఫోన్ నంబరు పడుతుంది. తర్వాత జిల్లా, తాలూకా, ఊరు, ఆనవాలు. గుడి, స్కూలు, రేషన్ షాపు, ట్యాంకు, ఏదో ఒకటి. ఆ తర్వాతే ఏం జరిగింది, ఎంతమందికి, తెలివిలో ఉన్నారా అన్న ప్రశ్నలు. చాలామంది ఈ వరస తలకిందులుగా చెబుతారు. ఏం జరిగిందో ఏడుస్తూ రెండు నిమిషాలు చెప్పి, ఊరు చెప్పకుండానే ఫోన్ పెట్టేసేవాళ్లున్నారు. వివరాలు పూర్తయ్యాక దగ్గర్లో ఖాళీగా ఉన్న బండి ఏదో చూసి పురమాయిస్తారు. బండిలో ఇద్దరు, ప్రథమ చికిత్స తెలిసిన టెక్నీషియన్, డ్రైవరు. డ్రైవర్ని 108లో పైలట్ అంటారు. ఫోన్ చేసినవాళ్లని నేరుగా ఆ బండివాళ్లతో కలుపుతారు. దారిలో రోగి పరిస్థితి తిరగబడితే కేంద్రంలో ఉన్న డాక్టరు ఫోన్లోనే టెక్నీషియన్‌కి ఏం చెయ్యాలో చెబుతాడు. పెరియకుళం మనిషైతే ఊళ్లోనే ఉన్న జిల్లా ప్రభుత్వాసుపత్రి, ఇంకా పెద్ద కేసైతే కానావిలక్కు దగ్గరి మెడికల్ కాలేజీ ఆసుపత్రి. కె. విలక్కు అని రాస్తారు దాన్ని. చూశారా, అక్కడా పొడి అక్షరమే.

సెల్‌ఫోన్ టవరు, జీపీఎస్ ఉండగా ఊరి పేరుతో పనేమిటని కుర్రాళ్లు అడుగుతారు. నిజమే, దేశమంతా ఒకే నంబరుగా తెచ్చిన 112లో ఫోన్ చేసినవాడి చోటు తెలుసుకునే ఏర్పాటుంది. కానీ కొండపక్క పల్లెలో ఫోను ఏ టవరుకి తగులుకుంటుందో చెప్పలేం. నాన్నకి ఊళ్లో నొప్పి వస్తే కొడుకు తిరుప్పూరు మిల్లు నుంచి ఫోన్ చేస్తాడు. యంత్రం తిరుప్పూరు చూపిస్తుంది.

చోటు తెలిసినా చాలదు. 2018 మార్చి 11న ఇదే తేని జిల్లాలో, బోడినాయకనూరు పైన కురంగణి కొండల్లో కార్చిచ్చు ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లని చుట్టుముట్టింది. ఫోన్లు వెళ్లాయి, కబురు అందింది, అంబులెన్సులు కొండ కింద వరస కట్టాయి. పైకి దారి లేదు. ముందుగా ఎక్కినవాళ్లు చుట్టుపక్కల పల్లెజనం. కాలిన గాయాలైనవాళ్లని దుప్పట్లలో మోసుకొచ్చారు. వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చాయి. చీకటిపడ్డాక చేయగలిగింది తక్కువ. ఇరవైమందికి పైగా చనిపోయారు. కబురు అందడం, సాయం అందడం వేర్వేరు పనులని ఆ రాత్రి చూపించింది. కావలి రుసుము కట్టిన రైతు రెండో ప్రశ్న అక్కడ మళ్లీ లేచింది.

ఈ జిల్లాకి ఫోను అక్కర్లేని కేంద్రం కూడా ఒకటుంది. 1959లో ప్రారంభమైన వైగై డ్యాం నిండు మట్టం 71 అడుగులు. నీళ్లు 66 అడుగులకి చేరగానే తొలి వరద హెచ్చరిక. 68.5 అడుగులకి రెండోది, 69కి మూడోది. సైరన్ మోగుతుంది, ఒడ్డున ఉన్న ఊళ్లకి కబురు వెళుతుంది. వరాహనది పైన సోత్తుపారై నిండినా అంతే. పెరియకుళం, వడుగపట్టి, మేల్‌మంగళం, జయమంగళం వాళ్లు నదిలోకి దిగొద్దని చాటుతారు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ‘ఏ ఊరు’ అని అడగరు. నదికి తెలుసు ఏ ఊరో.

మళ్లీ పొడి అక్షరం దగ్గరికి వద్దాం. ఆంధ్రాలో మనుషులకి ఇంటిపేరుంది. పెరియకుళం తెలుగువాళ్ల ఇంటిపేర్లు కాగితాల్లోంచి జారిపోయి పెళ్లి సంబంధాల దగ్గర మాత్రమే బయటికి వస్తాయి. వాళ్ల ఊళ్లకి మాత్రం పొడి అక్షరం నిలిచింది. మన దగ్గర చాలాచోట్ల దానికి వ్యతిరేకం. ఒక్కొక్క జిల్లాలో ఎన్ని కొత్తపల్లులు, ఎన్ని లక్ష్మీపురాలు, ఎన్ని రామాపురాలు ఉన్నాయో లెక్కేసుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. జిల్లా, మండలం, ఊరు, ఇంటి దగ్గరి ఆనవాలు, ఈ నాలుగూ పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పెట్టే చోట గోడకి అంటించండి. అదే వరసలో చదివించండి. ఊరి పేరు ముందు అక్షరం ఉంటే దాన్ని మొదట రాయండి.