పెండ్లి విందు ఫొటోలలో వెనుక వరుస

మన ఇండ్లలోని పాత ఆల్బములను తెరచి చూడండి. రిసెప్షను ఫొటోలలో వధూవరుల ముఖములు సున్నము కొట్టినట్లు తెల్లగా ఉంటాయి. వారి నీడలు గోడకు నల్లగా అంటుకొని ఉంటాయి. వెనుక కూర్చున్న పెద్దలు చీకటిలో కలిసిపోయి ఉంటారు. 1860లో మద్రాసు నుండి ‘ట్రురో’ ఓడ డర్బను చేరినది మొదలు ఇక్కడికి వచ్చిన మన పూర్వులలో ఎందరికో వేరే ఫొటోయే లేదు. 1956 నాటి విందు ఫొటోలో మా ముత్తవ్వ చీర అంచు మాత్రమే కనిపిస్తుంది. మాకు మిగిలినది అదొక్కటే.

తప్పు ఫొటోగ్రాఫరుది కాదు. దూరము రెట్టింపైతే పడే వెలుగు నాలుగవ వంతు అవుతుంది. 6 అడుగుల దూరములోని పెండ్లికూతురుకు సరిపోయిన ఫ్లాష్ వెలుగు, 18 అడుగుల దూరములోని ముత్తవ్వకు తొమ్మిదవ వంతే అందుతుంది.

1887లో జర్మనీలో అడాల్ఫ్ మీటె, యోహాన్నెస్ గేడికె అనువారు మెగ్నీషియమును పొటాషియం క్లోరేటు వంటివాటితో కలిపి ఫ్లాష్ పొడిని చేశారు. పళ్ళెములో పోసి వెలిగిస్తే వెలుగుతో పాటు పొగ, అప్పుడప్పుడు చేతులు కాలడము! అయినా ఆ దీపము కెమెరాకు దూరముగానే ఉండేది. 1929లో జర్మనీలోనే గాజు బల్బు వచ్చింది. ఒక బల్బు ఒక్క ఫొటోకే. అమెరికాలో ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్గర్టన్ 1931 నాటికే చేసిన ప్రయోగాల వలన మళ్ళీ మళ్ళీ మెరిసే ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వచ్చింది. క్రమముగా అది చిన్నదై కెమెరా నెత్తికెక్కింది. సౌకర్యము పెరిగింది, ముఖములు చదునైనాయి.

అందుకే తెలిసినవారు రెండవ ఫ్లాషును హాలు మూలకు జరిపారు. అక్కడినుండి ముందు వరుసకు, వెనుక వరుసకు దూరములో అంత తేడా ఉండదు. దానికి అమర్చిన చిన్న ‘కన్ను’ మొదటి మెరుపును చూచి తానూ మెరుస్తుంది. నేడు రేడియో కూడ ఆ పని చేస్తున్నది.

1978లో మా చిన్నాయన రిసెప్షనులో ఫొటోగ్రాఫరు తమ్ముడు పొడుగాటి కర్రకు ఫ్లాషు కట్టి విస్తళ్ళ పక్కన నిలిచాడు. “భోజనాల మధ్య ఈ దీపస్తంభ మేమిటిరా?” అని తాత కసిరారు. కాని ఆ ఫొటోలో మేనత్త ముక్కుపుడక, తాత తలపాగా మడతలు కూడ తెలుస్తున్నాయి. మొన్న దాని క్రింద పేర్లు వ్రాయుటకు కూర్చున్నాము. వెనుక వరుసలో పదకొండుమంది; తొమ్మిదిమందిని గుర్తించాము. మిగిలిన ఇద్దరు అవ్వలు మీ ఆల్బములోనూ ఉన్నారేమో చూడండి.