విల్లు బండి నుంచి జీపుదాకా

పోయిన కార్తీకమాసంలో మా పాత జీపుకు నాలుగు విల్లులూ మార్చినాము. హైదరాబాదులో ఉండే మా పిన్ని కొడుకు ఫోనులో ఈ మాట విని, "విల్లేంది అన్నా, జీపుకు బాణాలు కూడా ఉంటాయా?" అని ఒకటే నవ్వు. అక్కడి షెడ్లలో కమాన్ కట్టలంటారంట. కమాన్ అన్నా విల్లే కదా, పారశీకం మాట. వాండ్లకు అటునుంచి వచ్చింది, బోడినాయకనూరులో ఉండే మాకు విల్లు బండి నుంచి వచ్చింది.

విల్లు బండిని చూసినవాండ్లు ఇప్పుడు మన ఇండ్లలో తక్కువే. మామూలు ఎద్దుల బండికి ఇరుసు నేరుగా చట్రానికే బిగించి ఉంటుంది. దారిలో రాయి తగిలితే ఆ దెబ్బ వెన్నుపూసదాకా వస్తుంది. విల్లు బండికైతే ఇరుసుకూ పెట్టెకూ నడుమ వంచిన ఉక్కు పట్టీలు ఉంటాయి, దెబ్బ అవి తింటాయి. గుర్రపు బగ్గీలకు ఇట్లాంటి విల్లులు అమర్చే పద్ధతికి లండనులో ఒబాడయా ఇలియట్ అనే బండ్ల పనివాడు 1804లో పేటెంటు తీసుకున్నాడు. దొరల బగ్గీల నుంచి అది మన జట్కాలకూ ఎద్దుల బండ్లకూ దిగింది. అయితే అందరి బండ్లకూ కాదు. విల్లు బండి ఎక్కడమంటే హోదా. తిరువాన్కూరులో 1893లో అయ్యంకాళి, తనవాండ్లను నడవనియ్యని రాజబాటలో విల్లు బండి కట్టుకొనిపోయి చూపించినాడు. ఆయన దానికి విల్లు బండినే ఎంచుకున్నాడంటే ఆ బండికి ఎంత అర్థముండేదో చూడండి.

మా ముత్తాతకు రెండు మోత బండ్లు, ఒక విల్లు బండి ఉండేవంట. ఆ కాలంలో మున్నారు తేయాకు కొండమీద టాప్ స్టేషన్‌దాకా వచ్చి, అక్కడినుంచి రోప్‌వేలో కొట్టగుడికి దిగి, ఎద్దుల బండ్లలో బోడికి చేరేది. కొండమీద ఉండిన చిన్న రైలు 1924 వరదలో కొట్టుకొనిపోయింది. మోత బండ్లకు విల్లు లేదు. విల్లు బండి పెండ్లిండ్లకు, మదురకు పోయే రైలు ఎక్కడానికి. తేయాకు పెట్టెల మీద కూర్చొని వచ్చే బండివాని నడుము గురించి మా ఇంట్లో ఏ కథా లేదు.

జీపు రెండవ ప్రపంచ యుద్ధం బిడ్డ. విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా చేసినారు. యుద్ధం ముగిసినాక మిగులు జీపులు మన దేశంలో అమ్మకానికి వచ్చినాయి. 1940ల చివర మహీంద్రావాండ్లు బొంబాయిలో విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టి, తరువాత ఇక్కడే తయారుచేసినారు. మాది బానెట్టు ఎత్తుగా ఉండే సీజే3బీ, తాత 1968లో కొన్నాడు. కిందికి దూరి చూస్తే ముత్తాత విల్లు బండే. ఇరుసు, వంచిన పట్టీలు, వాటిని పట్టే యూ బోల్టులు. ఇంత పాతకాలపు పనితనం యుద్ధం బండికి ఎందుకంటే, బరువు మోసేదీ ఇరుసును తన తావులో నిలిపేదీ ఈ కట్టే. పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకొని ఊగును కొంత ఆపుతాయి కూడా. ఒకటి విరిగినా మిగిలినవాటికి తాడు చుట్టి ఇల్లు చేరవచ్చు. బోడిమెట్టు దారిలో పదిహేడు మెలికలు. తాత ఆ పని రెండుసార్లు చేసినాడు.

ఈ సంగతి తాత లెక్కల పుస్తకంలో ఉంది. "కుడి వెనుక విల్లు, పెద్ద పట్టీ విరిగె" అని 1971లో, మళ్ళీ 1973లో, 1976లో. పక్కనే ఏలక్కాయ మూటల లెక్క. ఒక నడకకు ఆరు మూటలు, మూటకు యాభై కిలోలు. ఆ లెక్కకు విల్లు విరగదే అని నాకు అనుమానమొచ్చింది. అమెరికా సైన్యం ఈ బండిని పావు టన్ను బండిగా లెక్కవేసింది. మూడువందల కిలోలు కొంచెం ఎక్కువే, కానీ రెండు మూడేండ్లకొకసారి విరిగేంత కాదు. నాయనను అడిగితే నెమ్మదిగా చెప్పినాడు. తోటకు పోయే కూలీలు పొద్దున పదునాలుగు మంది ఎక్కేవాండ్లంట, సాయంత్రం మూటలమీదే కూర్చొని దిగేవాండ్లంట. మూటలు పుస్తకానికెక్కినాయి, మనుషులు ఎక్కలేదు.

విల్లులు విప్పినప్పుడు ఆ బరువంతా కనబడింది. బండి కుడివైపుకు రెండంగుళాలు ఒరిగి ఉండె. పట్టీల కొనలు కింది పట్టీల్లో గోరుతో గీరినట్టు గుంటలు చేసినాయి. షాకిళ్ళ మరలు అరిగి నున్నగా అయినాయి. ఈ పాత షాకిళ్ళలో కొన్నిటికి ఎడమ మర ఉంటుంది. షెడ్డు పిల్లవాడు తెలియక బిగించే వైపే విప్పబోయి అరగంట చెమటోడ్చినాడు, పాపం.

పట్టీలను కాల్చి మళ్ళీ వంచవచ్చునని ఒకరు చెప్పినారు. కాల్చినాక సరిగా నూనెలో ముంచి పదును పెట్టకుంటే ఆ ఉక్కు నెలలోపే చతికిలబడుతుంది. ఇంకొకరు లారీ పట్టీ ఒకటి అదనంగా వేయమన్నారు. ఆ పని ముందొకసారి, నా చిన్నప్పుడు, జరిగిందే. ఒక పట్టణం షెడ్డులో రెండు లారీ పట్టీలు వేయించినాము. విల్లు మళ్ళీ విరగలేదు, కానీ బండి మోత బండి అయిపోయింది. ముందు సీటులో మేము దిండు వేసుకున్నాము. వెనుకవాండ్లు ఏమీ అనలేదు. అనే తావు వాండ్లకు లేదు.

ఈసారి కంపెనీ లెక్క ప్రకారం పట్టీలుండే కొత్త కట్టలే వేసినాము. షాకిళ్ళు, బుష్షులు, యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్లు అన్నీ కొత్తవే. పాత యూ బోల్టులు సాగి ఉంటాయి, వాటిని తిరిగి వాడకూడదు. చక్రాలు నేలకు ఆని బరువు పడినాకే చివరి బిగింపు, అయిదువందల కిలోమీటర్లకు ఇంకొకసారి.

మొదటి నడకకు, మా తోటలో నలభై ఏండ్లు పనిచేసిన ఒక అవ్వను పిలిచినాము. ముందు కూర్చోమంటే ఒప్పుకోలేదు, అలవాటుగా వెనకకే పోయింది. బలవంతంగా ముందు కూర్చోబెట్టినాము. మెట్టు ఎక్కేదాకా, అప్పుడు ఆ బండిలో ఎవరెవరు వచ్చేవాండ్లో అడుగుతూ పోయినాను. పదకొండు పేర్లు గుర్తుచేసుకున్నది. తాత లెక్కల పుస్తకంలో 1976 పుట ఎదురుగా తావు ఉండె, అక్కడ రాసినాను. తక్కిన మూడు పేర్లు ఆమె చెల్లెలిని అడగాలంట.

పాత పట్టీలు కొలిమి ఆయన తీసుకొనిపోయినాడు, కొడవండ్లకు ఆ ఉక్కు బాగుంటుందని. ఒక్క పెద్ద పట్టీ మాత్రం నేను అట్టిపెట్టుకున్నాను. మీ ఇండ్లలో విల్లు బండి ఉండివుంటే దాన్ని ఏమనేవాండ్లో, అందులో ఎవరు ఎక్కేవాండ్లో పెద్దవాండ్లను అడిగి నాకు రాయండి.