రేవు పక్కన బస

మన సంఘ సభ్యులలో క్యాంపులు తిరగనివారు అరుదు. ఏ ఇన్‌స్పెక్షన్ బంగళాలోనో పెట్టె దింపించి, వరండాలో పడక కుర్చీ వేయించుకుని, ఎదుట పారే నదిని చూస్తూ కాసేపు కాళ్లు చాపుకున్న జ్ఞాపకం చాలామందికి ఉండే ఉంటుంది. టి.ఏ. బిల్లులో ఆ సుఖానికి కాలమ్ లేదు గాని, ఉద్యోగంలో దక్కిన మంచి గంటలలో అదీ ఒకటి. ఈ ఏటి ఒడ్డు బసల వెనుక ఉన్న చరిత్రను, ముఖ్యంగా గోదావరి తీరాన, కొంత గుర్తు చేసుకుందాం.

ఇప్పుడు మనం నదిని చూడడానికని వెళ్లి అక్కడ గది తీసుకుంటున్నాం. పూర్వం బాటసారిని ఆపినది నది అందం కాదు, దాని వెడల్పు. రాజమండ్రి దగ్గర గోదావరి రెండున్నర కిలోమీటర్ల పైమాటే. వరదల్లో పడవ కట్టరు. గాలి ఎదురైతే సరంగు కదలడు. చీకటి పడితే తెల్లవారేదాకా ఆగవలసిందే. ఆగినవాడికి తల దాచుకునే చోటు కావాలి, పొయ్యి రాజేసుకునేందుకు పొడినేల కావాలి. అందుకే రేవున్న చోటల్లా సత్రం వెలిసింది. జమీందారులు, వర్తకులు పుణ్యం కోసం కట్టించారు, వాటి ఖర్చుకు మాన్యాలు రాసిచ్చారు.

ఆ రోజుల ప్రయాణం ఎలా ఉండేదో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ చూస్తే తెలుస్తుంది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అంటే ఒక రకంగా మనలాంటి ఉద్యోగే. 1830 మే 18న దాదాపు నూరుమంది పరివారంతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారిలోని ఊళ్లలో దిగడానికి వసతి ఉందా, అంగళ్లు ఉన్నాయా, నీటి వసతి ఎట్లా అన్న సంగతులు ఓపికగా రాసి పెట్టారు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం తరువాతి యాత్రికులకు గైడు వంటిది.

డబ్బిచ్చి తినదలచినవారికి పూటకూళ్ల ఇళ్లు ఉండేవి. ఇదీ చాలా పాత ఏర్పాటే. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూటింట ఒక రూకకు దొరికే భోజనం ప్రస్తావన ఉంది. 1897లో మొదట అచ్చయిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మను మరచిన తెలుగువాడు ఉండడు. ఆ రోజుల్లో బతుకుతెరువు లేని వితంతువులకు ఈ వృత్తి ఒక ఆధారం. ఊరివారు వారిని చులకనగా చూసినా, వారి చేతి వంట మాత్రం మానలేదు!

పాత సత్రాలను తలచుకుని మురిసిపోయే ముందు ఒక మాట చెప్పుకోక తప్పదు. చాలా సత్రాలలో ఉచిత భోజనం బ్రాహ్మణులకే. మిగిలిన కులాలవారిలో కొందరికి అరుగు మీద పడక దొరికేది. దళితులకు గుమ్మం లోపలికి ప్రవేశమే ఉండేది కాదు. ఒకే పడవ కోసం ఒకే వానలో వేచి ఉన్నవారి మధ్య ఈ తేడా. దాతల పేర్లు శిలాఫలకాల మీద నిలిచాయి, బయట తడిసినవారి పేర్లు ఎక్కడా లేవు.

అందుచేతనే కోనసీమలో డొక్కా సీతమ్మగారిని ప్రత్యేకించి తలుస్తారు. ఆమె 1841లో మండపేటలో పుట్టి, వైనతేయ గోదావరి ఒడ్డునున్న లంకల గన్నవరంలో జోగన్నగారి ఇల్లాలుగా కాపురానికి వచ్చారు. చుట్టూ గోదావరి పాయలు. ఏ పాయ దాటి వచ్చినా ఆకలితోనే రావాలి. రేవు దాటి వేళగాని వేళలో వచ్చినవారికి కులం అడగకుండా వండి పెట్టారు. ఆమె ఇల్లు సత్రమూ కాదు, పూటకూటిల్లూ కాదు, సంసారులు కాపురమున్న మామూలు గృహం. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఎదురైన ఒక కుటుంబం, సీతమ్మగారింటికి చేరితే పిల్లలకు అన్నం దొరుకుతుందని మాట్లాడుకోవడం విని, దర్శనం మాట మాని వెనక్కి వచ్చేశారని చెప్పుకుంటారు. 1909లో కన్నుమూశారు. వైనతేయ మీద 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టింది.

ఇక దొరల సంగతి. పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి ప్రధాన మార్గాల మీద డాక్ బంగళాలు వచ్చాయి. ఖాన్సామా ఉండేవాడు, రిజిస్టరు ఉండేది. బండి ఆవరణలోకి వచ్చాక కోడిని పట్టి కోసి, గంటలో బల్ల మీద పెట్టేవారు. ఆ వంటకానికి తెల్లవారు ‘సడన్ డెత్’ అని సరదాగా పేరు పెట్టారు. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, డెల్టా కాలువల వెంట ఇంజనీర్ల బంగళాలు లేచాయి. మనం కాళ్లు చాపుకున్న వరండాలు ఈ వంశానివే. వాటిని కట్టినవారికి స్థలం ఎంచడం బాగా తెలుసు. ఎత్తు గట్టు, నాలుగు పెద్ద చెట్లు, నీటి మీదుగా వచ్చే గాలి. కరెంటు లేని రోజుల్లో అంతకు మించిన చల్లదనం లేదు. అయితే పై అధికారి టూరు ప్రోగ్రాం వచ్చిందంటే కింది ఉద్యోగి పెట్టె సర్దుకుని బయటికి రావలసిందే!

రేవు బసలను దెబ్బతీసినవి వంతెనలు. బెజవాడ నుంచి గోదావరి దాకా రైలు 1893లో వచ్చినా, వంతెన పూర్తయ్యేదాకా నదిని నీటి మీదే దాటవలసి వచ్చేది. 1900లో 56 ఖానాల హేవలాక్ వంతెన తెరిచారు. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చాక లాంచీల రద్దీ కూడా తగ్గింది. 1997లో హేవలాక్ వంతెనకూ మనలాగే రిటైర్మెంటు ఇచ్చారు. ఆగవలసిన పని లేనప్పుడు సత్రంతో పని ఏముంది? 1966 చట్టం, తరువాత 1987 చట్టం కింద ధర్మసత్రాలు దేవాదాయ శాఖ అజమాయిషీలోకి వచ్చాయి.

ఇప్పుడు కోనసీమలో దిండి దగ్గర వశిష్ఠ ఒడ్డున టూరిజం వారి రిసార్టు ఉంది. కొబ్బరితోటలు, ఇళ్లలాంటి పడవలు, నీళ్లకు ఎదురుగా గదులు. కులం అడిగేవారు లేరు, గది ఖాళీ చేయమనే పై అధికారీ లేడు. అద్దె చెల్లించగలగాలి, అంతే. పింఛను మీద బతికేవారికి అదే చిక్కు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ రద్దీ మొదలు కాకముందే, శీతకాలంలో ఒక వారపు రోజున వెళ్లదలచినవారు నదివైపు గదే అడిగి తీసుకోండి.